పాస్‌పోర్టు అక్కడ... పాస్‌పుస్తకం ఇక్కడ!

అమెరికా పౌరసత్వం... గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎన్నో ఇళ్ల కల. ఏళ్ల తరబడి ఎదురుచూస్తేగానీ అందని కాగితం. అది చేతికొచ్చాక ఊళ్లోని ఓటు సంగతేంటి? నాన్న పేరిట ఉన్న మిర్చి చేను ఎవరిదవుతుంది?

ఒకప్పుడు ఈ నల్లరేగడి ఊళ్లలో పెళ్లి సంబంధం అనగానే మొదటి ప్రశ్న... 'ఎన్నెకరాలు?' అనే. ఇప్పుడు దానికి ఇంకోటి తోడైంది. 'అబ్బాయి హెచ్‌1బీనా, గ్రీన్‌కార్డా, సిటిజనా?' నరసరావుపేట నుంచి పర్చూరు దాకా రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయనకు కూడా ఈ మూడింటికీ తేడా తెలుసు. తెలియక చిక్కులు తెచ్చుకుంటున్నది మాత్రం ఇంకో విషయంలో. అమెరికా పౌరసత్వం ఏం ఇస్తుందో అందరూ లెక్కేస్తారు. ఇక్కడ ఏం పోతుందో చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు!

తలుపు తెరిచింది 1946లో...

భారతీయులకు ఆ అవకాశం మొదటినుంచీ లేదు. భీమవరంలో పుట్టిన డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా వెళ్లారు. మరుసటి ఏడాదే భగత్‌సింగ్‌ థింద్‌ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు 'శ్వేతజాతీయులు' కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. ఆ అడ్డు తొలగింది 1946లో. అదీ ఏడాదికి వంద మందికే వలస అవకాశం! ప్రపంచానికి గొప్ప మందులు అందించిన సుబ్బారావు 1948లో కన్నుమూసేనాటికి కూడా అమెరికా పౌరుడు కాలేదు.

గుంటూరు వైద్య కళాశాల మొదలైందీ ఆ 1946లోనే. అమెరికా 1965లో దేశాలవారీ పాత కోటాలను ఎత్తేశాక, ఆ కళాశాల డాక్టర్లు ఎందరో విమానమెక్కారు. తర్వాత సాఫ్ట్‌వేర్‌ వంతు వచ్చింది.

కదలని క్యూ

ఇప్పుడు చట్టం తలుపు తెరిచే ఉంది. వరసే కదలడం లేదు. ఉద్యోగాల ద్వారా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు దాదాపు 1,40,000. ఉద్యోగి భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది సాధారణ నియమం. చిన్న దేశానికైనా, 140 కోట్ల మంది ఉన్న మన దేశానికైనా అదే పరిమితి! అందుకే మనవాళ్లు ఎక్కువగా ఉండే విభాగాల్లో నిరీక్షణ పదేళ్ల పైమాటే.

ఈ లోపు పిల్లలు ఎదుగుతారు. ఒకే ఇంట్లో, అక్కడ పుట్టిన తమ్ముడు అమెరికా పౌరుడు. మూడేళ్ల వయసులో గుంటూరు నుంచి వెళ్లిన అక్కకు 21 నిండితే, తల్లిదండ్రుల వీసా నీడ ఆమెకు ఉండదు. చదువు వీసాయో, మరొకటో సొంతంగా తెచ్చుకోవాల్సిందే.

గ్రీన్‌కార్డు వచ్చాక మరో ఐదేళ్లు. అందులో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీదే గడపాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ, ఇంగ్లిషు పరీక్ష, అమెరికా చరిత్ర, ప్రభుత్వంపై ప్రశ్నలు. 2025 అక్టోబరు నుంచి ఈ పరీక్ష కష్టమైంది. అంతకుముందు 10 ప్రశ్నల్లో 6 సరిగ్గా చెబితే సరిపోయేది. కొత్త పద్ధతిలో 20 అడుగుతారు, 12 చెప్పాలి.

చెయ్యెత్తిన క్షణం...

చివరగా చెయ్యెత్తి ప్రమాణం. 1955 నాటి మన పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్‌ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం పోతుంది. ఎవరూ రద్దు చేయనక్కర్లేదు! పాత పాస్‌పోర్టును అప్పగించి ధ్రువపత్రం తీసుకోవాలి. కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం ఇలా భారత పౌరసత్వం వదులుకున్నవారు 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది. అన్ని దేశాలకూ కలిపి ఈ లెక్క.

మరి ఓసీఐ కార్డు ఉందిగా అంటారు. 2006 జనవరిలో హైదరాబాద్‌ ప్రవాసీ భారతీయ దివస్‌లోనే అది మొదలైంది. దాంతో జీవితాంతం వీసా లేకుండా రావచ్చు. గుంటూరులో ఫ్లాటు కొనొచ్చు. కానీ అది రెండో పౌరసత్వం కాదు. ఓటు లేదు, ఎన్నికల్లో పోటీ లేదు. అన్నిటికన్నా మన ప్రాంతానికి తగిలే షరతు ఒకటుంది... సాగుభూమి కొనకూడదు!

నిజానికి ఈ నిషేధం విదేశాల్లో స్థిరపడిన భారత పౌరులకూ ఉంది. కాకపోతే వాళ్లు తిరిగొచ్చి ఇక్కడే స్థిరపడితే మళ్లీ కొనుక్కోవచ్చు. ఓసీఐ కార్డు ఆ వెసులుబాటు ఇవ్వదు.

ఊళ్లో జరిగే పొరపాటు కూడా ఇక్కడే. 'ఎప్పటికైనా వాడిదేగా' అని తండ్రి తన నాలుగెకరాలూ అమెరికాలోని కొడుకు పేర దానపత్రం రాసేస్తుంటాడు. విదేశీ మారకద్రవ్య చట్టం నిబంధనల ప్రకారం సాగుభూమి అలా కానుకగా పొందడం కుదరదు. వారసత్వంగా మాత్రం రావచ్చు, అంటే వీలునామా మేలు. అలా వచ్చిన పొలాన్ని కౌలుకిచ్చుకోవచ్చు. అమ్మితే మాత్రం ఇక్కడే ఉండే భారత పౌరుడికే అమ్మాలి.

అమ్మానాన్నల సంగతి

ఇంత పోతుందని తెలిసీ ఎందుకు తీసుకుంటారు? ఉద్యోగం ఊడినా దేశం వదిలి వెళ్లాల్సిన భయం ఉండదు. అక్కడ ఓటు వస్తుంది. మరీ ముఖ్యంగా, 21 ఏళ్లు దాటిన పౌరుడు తల్లిదండ్రులను కోటా క్యూతో పనిలేకుండా పిలిపించుకోవచ్చు. గ్రీన్‌కార్డున్నవారికి ఆ హక్కు లేదు.

కానీ మిర్చి కోతలకనీ, పత్తి తీతకనీ వచ్చి ఇక్కడే ఉండిపోయే పెద్దవాళ్లకు చిక్కే. గ్రీన్‌కార్డుంటే అక్కడే కాపురం ఉండాలి. ఆరు నెలలు దాటితే పౌరసత్వానికి లెక్కేసే కాలం తెగిపోవచ్చు. ముందస్తు అనుమతి లేకుండా ఏడాది దాటితే కార్డుకే ఎసరు. 55 ఏళ్లు నిండి, 15 ఏళ్లుగా గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రం ఇంగ్లిషు పరీక్ష ఉండదు. దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబులు చెప్పొచ్చు.

తిరిగి రావాలంటే?

దారి ఉంది. ఓసీఐగా ఐదేళ్లు నమోదై ఉండి, దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడే నివసించినవారు భారత పౌరసత్వం కోరవచ్చు. అయితే కాగితాలు పక్కాగా ఉండాలి. 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్న చెన్నమనేని రమేశ్‌ 2009లో భారత పౌరసత్వం తిరిగి పొంది, వేములవాడ ఎమ్మెల్యే అయ్యారు. దరఖాస్తుకు ముందు ఏడాదిలో ఇక్కడ ఎన్ని రోజులున్నారన్న వివాదం ఏళ్ల తరబడి నడిచింది. 2019లో కేంద్రం ఆ పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు కూడా ఆయన వాదనను తోసిపుచ్చింది.

అందుకే ప్రమాణానికి తేదీ వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టకముందే అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. పొలం ఎవరు చూస్తారు, వీలునామా ఉందా, ముసలితనంలో ఎవరు ఎవరి దగ్గర ఉంటారు... ఈ మూడింటికీ జవాబు దొరికితే, ఏ పాస్‌పోర్టు జేబులో ఉన్నా ఇంట్లో అందరూ నిశ్చింతగా నిద్రపోవచ్చు.