లండన్ ఆట, సూరత్ తెర

బ్రిటిష్ టీవీ ఆటలు తెలుగు మాట్లాడుతూ సూరత్ కార్మికవాడల దాకా వచ్చాయి. ఆ దేశపు ప్రసార నీతి మాత్రం వాటి వెంట రాలేదు.

సెప్టెంబరు వచ్చిందంటే బ్రిటన్‌లో టీవీ వాళ్లకు పండగ. వేసవి సెలవులు ముగిసి, పొద్దు తగ్గి, జనం పెందలాడే ఇళ్లకు చేరే కాలమది. బీబీసీ, ఐటీవీ, చానల్ 4 తమ భారీ కార్యక్రమాలను ఈ రోజుల కోసమే అట్టిపెట్టుకుంటాయి. ఏ కార్యక్రమం ఎప్పుడన్న కబుర్లు ఆగస్టు నుంచే పత్రికలకెక్కుతాయి. సెలబ్రిటీల నాట్య పోటీ 'స్ట్రిక్ట్‌లీ కమ్ డ్యాన్సింగ్' సెప్టెంబరులో మొదలై క్రిస్మస్ ముంగిట ముగియడం ఏళ్లుగా ఆనవాయితీ.

అక్కడికి దాదాపు ఏడు వేల కిలోమీటర్ల దూరంలోని సూరత్‌లో, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల తెలుగు ఇళ్లలోనూ సీజన్ మొదలయ్యేది అప్పుడే. 2020 నుంచి 2025 దాకా తెలుగు 'బిగ్ బాస్' ప్రతి ఏటా సెప్టెంబరు మొదటి వారంలోనే తలుపు తెరిచింది. దీని మాతృక 'బిగ్ బ్రదర్' 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టినా, మన దేశంలో ఇంటింటి చర్చ అయింది బ్రిటన్ పుణ్యాన. 2007 జనవరిలో చానల్ 4లో శిల్పాశెట్టికి ఎదురైన అవమానం, ఆపై ఆమె గెలుపు అందుకు కారణం.

ఇంతకీ ఈ ప్రేక్షకులెవరు? పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాల కిందటే మగ్గాల పనికి వలస వచ్చిన కుటుంబాలు. వీరిలో పద్మశాలీలు ఎక్కువ. సిరిసిల్లలో సాంచాలు అని పిలిచే మరమగ్గాల మీద ఇక్కడ 12 గంటల షిఫ్టులు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అతికించడం వంటి పనులను పీసు రేటుకు తెచ్చుకుంటారు. చేతులు చీర మీద, చూపు టీవీ మీద. హిట్టయిన సినిమా పేరో సీరియల్ పేరో కొత్త చీరకు తగిలించి అమ్మడం సూరత్ మార్కెట్‌కు పాత అలవాటు. అంటే ఈ వాడలు టీవీకి ప్రేక్షకులే కాదు, దాని వెలుగులో నడిచే వ్యాపారానికి కూలీలు కూడా.

బ్రిటన్‌తో లావాదేవీలు ఈ ఊరికి కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ ఓడ 'హెక్టర్' 1608లో సూరత్ తీరం చేరింది. అదే కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. రెండు చోట్లా వాళ్లకు కావలసింది బట్ట. నాలుగు శతాబ్దాల తర్వాత అక్కడి నుంచి ఇక్కడికి వస్తున్న సరుకు ఆట. పరిభాషలో చెప్పాలంటే ఫార్మాట్.

ఈ ఎగుమతి వెనుక ఒక చట్టం ఉంది. బ్రిటన్ 2003లో తెచ్చిన కమ్యూనికేషన్స్ చట్టం ఫలితంగా, స్వతంత్ర నిర్మాతలు తాము తీసిన కార్యక్రమాలపై హక్కులు తమ వద్దే ఉంచుకునే వీలు కలిగింది. చానల్ కొనేది ప్రసార హక్కునే. ఆలోచన నిర్మాత సొత్తు. దాన్ని ఎన్ని దేశాలకైనా అమ్ముకోవచ్చు. దాంతో లండన్‌లోని చిన్న నిర్మాణ సంస్థలు సైతం ప్రపంచ మార్కెట్‌ను దృష్టిలో పెట్టుకుని ఆటలు అల్లడం మొదలుపెట్టాయి.

చట్టానికి ముందే దారి చూపిన ఆట ఒకటుంది. 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' 1998 సెప్టెంబరు 4న ఐటీవీలో మొదలైంది. 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్ దాన్ని 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా మన ముందుంచారు. ఇక్కడ తొలి కోటీశ్వరుడు అదే ఏడాది అక్టోబరులో తేలాడు. బ్రిటన్‌లో మొదటి మిలియన్ పౌండ్ల విజేత రావడానికి నవంబరు 20 దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత మొదలుపెట్టిన మనవాళ్లే ముందు గెలిచారన్నమాట.

తెలుగుకు ఆ ఆట 14 ఏళ్లు ఆలస్యంగా చేరింది. 2014 జూన్‌లో మా టీవీలో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' ప్రారంభించారు. 2017లో ఆ కుర్చీలో చిరంజీవి కూర్చున్నారు. 2021లో జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ 'ఎవరు మీలో కోటీశ్వరులు' అన్నారు. ఆ ఏడాది నవంబరులో కోటి గెలిచిన తొలి పోటీదారు తెలంగాణకు చెందిన ఒక పోలీసు ఎస్సై. 2023లో 'బిగ్ బాస్' ఏడో సీజన్ టైటిల్ ఒక రైతు బిడ్డకు దక్కింది. సామాన్యుడు తెర మీదికి వస్తున్నాడనడానికి ఇవి మంచి సాక్ష్యాలే.

కానీ సూరత్ సామాన్యుడి సంగతి వేరు. వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ వినే పిల్లలకు ఇంట్లో తల్లిదండ్రుల తర్వాత రోజూ తెలుగు వినిపించేది టీవీయే. అందుకోసం ఆ ఇల్లు విడిగా డబ్బు కడుతోంది. 2019లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ టారిఫ్ విధానం ప్రకారం నచ్చిన చానల్‌ను విడిగా ఎంచుకోవచ్చు. బొకేలో చేర్చే పే చానల్ ధరకు నెలకు 19 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టారు. గుజరాత్‌లో అమ్మే ప్యాకేజీలు సహజంగానే గుజరాతీ, హిందీ ప్రేక్షకుల కోసం తయారవుతాయి. తెలుగు కావాలంటే అదనంగా జోడించుకోవాలి. ఇంత చేసినా ఈ ప్రేక్షకుడు లెక్కలోకి రాడు. తెలుగు చానళ్ల రేటింగుల కోసం ప్రకటనదారులు చూసేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మార్కెట్‌నే. లెక్కలో లేనివాడి బతుకు కథలోకి ఎందుకొస్తుంది?

వినోదం వరకైతే సరిపెట్టుకోవచ్చు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ తమను సొంతూళ్లకు పంపించాలంటూ సూరత్‌లో వలస కార్మికులు రోడ్డెక్కారు. అలాంటి రోజున అర్థమయ్యే భాషలో తెలుగు చానల్ చెప్పేది హైదరాబాద్ సంగతి. ఉంటున్న ఊరి సంగతి గుజరాతీలో వస్తుంది. కూలీ రేటు, రేషన్, దీపావళి సెలవులకు రైళ్లు, బడిలో సీట్లు వంటివన్నీ ఈ రెంటి మధ్య జారిపోయే విషయాలే.

బ్రిటన్‌ను ఇక్కడ మరో కోణంలో చూడాలి. వేల్స్‌లో వెల్ష్ భాషకు ప్రత్యేక చానల్ పెడతామన్న మాటను 1979లో గద్దెనెక్కిన థాచర్ ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. వెల్ష్ జాతీయవాద నాయకుడు గ్విన్‌ఫర్ ఎవాన్స్ 1980 అక్టోబరు నుంచి ఆమరణ దీక్షకు కూర్చుంటానని ప్రకటించారు. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తెలిసిన తెలుగువారికి ఆ మాట బరువెంతో చెప్పనక్కర్లేదు. దీక్ష మొదలుకాకముందే, సెప్టెంబరులో ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ఎస్4సీ ప్రసారాలు మొదలయ్యాయి. 2021 జనగణనలో వేల్స్‌లో వెల్ష్ వచ్చినవారు సుమారు 5.38 లక్షలు. లక్షమంది కూడా మాట్లాడని స్కాటిష్ గేలిక్ కోసం 2008లో బీబీసీ ఆల్బా వచ్చింది. లాభం రాదని తెలిసీ పెట్టిన చానళ్లివి.

వెల్ష్ తన నేల మీది భాష, సూరత్‌లో తెలుగు వలస వచ్చిన భాష అన్న తేడా ఉంది. మన రాజ్యాంగం మాత్రం చదువు విషయంలో ఆ తేడా పాటించలేదు. ఏ రాష్ట్రంలోనైనా భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని 350ఎ అధికరణ చెబుతుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు నడపడం ఆ స్ఫూర్తికి తగ్గ పనే. ప్రసారాల దగ్గరికి వచ్చేసరికి ఆ స్ఫూర్తి కనిపించదు. వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగిన చోటు ఇవ్వాలని 1990 నాటి ప్రసార భారతి చట్టం దూరదర్శన్‌ను ఆదేశిస్తుంది. భాషను ప్రాంతానికి ముడిపెట్టడంతో గుజరాత్‌కు డీడీ గిర్నార్, తెలంగాణకు డీడీ యాదగిరి, ఆంధ్రకు డీడీ సప్తగిరి దక్కాయి. ఒక ప్రాంతపు భాషతో మరో ప్రాంతంలో బతికేవాడు ఎవరి ఖాతాలోనూ పడలేదు.

దీనికి కొత్త చానల్ అక్కర్లేదు. డీడీ గిర్నార్‌లో వారానికి అరగంట తెలుగుకు, మరో అరగంట ఒడియాకు కేటాయిస్తే ఆరంభానికి చాలు. చెప్పాల్సిన సంగతులకూ చూపాల్సిన దృశ్యాలకూ కొదవ లేదు. బతుకమ్మ, గర్బా ఒకే ఊళ్లో ఒకే రాత్రుల్లో ఆడే నవరాత్రుల నుంచే మొదలుపెట్టవచ్చు.