ఆ పాదరక్షలు ఎవ్వరివి?

‘ఎవరి అర్థము వారిది’ అను మాట నేడు సాహిత్యగోష్ఠులలోను, తరగతి గదులలోను తరచుగ వినవచ్చుచున్నది. కావ్యమునకు గాని చిత్రమునకు గాని స్థిరమైన అర్థము లేదనియు, చదువరికి తోచినదే అర్థమనియు కొందరి వాదము. అందులకు ప్రమాణముగ ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ డెరిడా పేరును, ఆయన ప్రచారమునకు తెచ్చిన డీకన్‌స్ట్రక్షన్ అను మాటను చూపుదురు. మనవారు దీనిని వినిర్మాణమని తెలిగించిరి. మరికొందరు ఆ పేరు వినినంతనే విమర్శకు కాలము చెల్లినదని నిట్టూర్తురు. మెచ్చువారును, నొచ్చువారును ఆయన ఇష్టము వచ్చినట్లు చదువుకొమ్మనెనని నమ్ముటయే వింత. నిజముగ ఆయన యేమి చేసెనో తెలియుటకు ఒక చిన్న పటమును, దానిపై సాగిన వివాదమును పరిశీలించిన చాలును.

1886వ సంవత్సరమున పారిస్ నగరములో నివసించుచు విన్సెంట్ వాన్‌గో పాతజోళ్ళ పటమొకటి నూనెరంగులతో చిత్రించెను. నేడది ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఆయన పేర నెలకొన్న మ్యూజియములో నున్నది. అందు అరిగిన తోలుజోళ్ళు రెండు, సడలిన లేసులు కానవచ్చును. తొడిగిన మనిషి లేడు. అది యింటి నేలయో పొలపు గట్టో తెలుపు గుర్తును లేదు.

జర్మన్ తత్త్వవేత్త మార్టిన్ హైడెగర్ 1935-36లలో కళాకృతి మూలమును గూర్చి ఉపన్యసించెను. అది 1950లో గ్రంథస్థమయ్యెను. ఉపకరణమనగా నేమి యను ప్రశ్నకు ఆయన వాన్‌గో జోళ్ళను ఉదాహరణముగ గైకొనెను. ఆయన కంటికవి ఒక రైతు స్త్రీ జోళ్ళు. వాని అరుగుదలలో ఆమె నడకలోని అలసట, నేల తడి, తిండిని గూర్చిన బెంగ, మృత్యుభయము ఆయనకు గోచరించెను. వాడుకలో నున్న వస్తువును మనము గమనింపము, నమ్మి నడచిపోదుము. కళ ఆ నమ్మికను కంటికి కట్టించునని ఆయన భావము.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున కళాచరిత్రాచార్యుడగు మేయర్ షపీరో దీనిని 1968లో ఖండించెను. వాన్‌గో జోళ్ళ పటములు పెక్కు కలవు గనుక, ఏ పటమును ఉద్దేశించితిరని ఆయన హైడెగరుకు జాబు వ్రాసెను. 1930 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనమున చూచితినని బదులు వచ్చెను. దానినిబట్టి షపీరో పటమును నిర్ణయించి, అప్పటికి చిత్రకారుడు పట్టణవాసి యనియు, అవి ఆయన స్వంత జోళ్ళే యనియు వాదించెను. రైతు స్త్రీ పటములో లేదు, తత్త్వవేత్త ఊహనుండి దిగివచ్చినదని ఆయన తీర్పు.

ఈ తగవు వట్టి జోళ్ళ తగవు కాదు. హైడెగర్ 1933లో నాజీ పార్టీలో చేరి, ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయమునకు రెక్టరైనవాడు. మట్టిని, పల్లెజీవనమును ఆరాధించు ధోరణి నాటి జర్మనీ పాలకులకు మిక్కిలి ప్రియము. షపీరో లిథువేనియాలో పుట్టి, బాల్యముననే అమెరికా చేరిన యూదుడు. ఆయన తన వ్యాసమును కుర్ట్ గోల్డ్‌స్టైన్ స్మృతికి అంకితమిచ్చెను. గోల్డ్‌స్టైన్ నాజీల నిర్బంధమునకు గురియై 1933లో జర్మనీ విడిచిన యూదు వైద్యుడు. హైడెగర్ వ్యాసమును షపీరోకు చూపినవాడును ఆయనయే. ఒకరు ఆ జోళ్ళను పొలమునకు అప్పగించిరి, మరొకరు ఊరు విడిచి నగరము చేరినవానికి అప్పగించిరి.

1978లో ‘చిత్రకళలో సత్యము’ అను గ్రంథమున డెరిడా ఈ వివాదమును చేపట్టెను. ఇవి జతయే యని మీకెవ్వరు చెప్పిరి? రెండును ఎడమకాలివే కారాదా? వీనిని ఎవరికో ఒకరికి తిరిగి ఇచ్చి తీరవలెనని ఏల తొందర? ఒకరు తత్త్వముతోను, మరొకరు సాక్ష్యముతోను వాదించినను, జోళ్ళకొక యజమాని కలడనియు, వాడు దొరకిన అర్థము తేలుననియు ఇరువురును విచారింపకయే నమ్మిరని ఆయన చూపెను. వినిర్మాణమనగా ఇట్టి పని. ఒక పఠనము తాను నిరూపింపక స్వీకరించినదానిని దాని మాటలలోనే వెదకి పట్టుట. దీనికి మిక్కిలి ఓపిక కావలెను. సంప్రదాయవ్యాఖ్యాన సాధనములను విడిచినచో విమర్శ ఏదైనను చెప్పుటకు తెగించునని 1967 నాటి ‘గ్రమటాలజీ’ గ్రంథముననే ఆయన హెచ్చరించెను.

సాక్ష్యము నిరర్థకమని దీని భావము కాదు. వాన్‌గో సహాధ్యాయి ఫ్రాన్స్వా గోజీ చెప్పిన వృత్తాంతమొకటి కలదు. వాన్‌గో పాతసామానుల సంతలో బండివాని ముతకజోళ్ళు కొని, వానదినమున తొడిగి బురదలో నడచి, పిదప వానిని చిత్రించెనట. ఆ కథ ఈ పటమును గూర్చినదే యైనచో, అవి షపీరో యన్నట్లు చిత్రకారునివే. కాని అంతకుముందు మరియొక శ్రామికునివి! ఒక్క సాక్ష్యము ఒక ప్రశ్నను మూసి, మరియొక దానిని తెరచినది.

హైడెగర్ తన హృదయమును పటము నొద్దకు కొనిపోవుట దోషము కాదు. కొనిపోయినదానిని పటములోనే చూచితిననుట దోషము. జోళ్ళు ఎవ్వరివైనను, ఉపకరణమును గూర్చిన ఆయన భావన నిలుచును; రైతు స్త్రీ మాత్రము నిలువదు. ఒక పఠనములో ఏది నిలుచును, ఏది కూలునని వేరుచేయుటయే విమర్శకుని పని.

మన ఆలంకారికులకు ఈ వివేకము తెలియనిది కాదు. 9వ శతాబ్దమున ఆనందవర్ధనుడు వాచ్యమునకు మించిన ధ్వని సహృదయునకు గోచరించునని స్థాపించెను. కోలాచల మల్లినాథసూరి రఘువంశ వ్యాఖ్యకు ‘సంజీవని’ యని పేరిడి, దుర్వ్యాఖ్యలచే మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కును బ్రతికింప బూనుకొనెను. మూలము లేనిదానిని వ్రాయనని మాట యిచ్చెను. మల్లినాథుడును డెరిడాయు ఒక్కటే చెప్పిరనుట అసంగతము. కవి హృదయమును తిరిగి పొందవచ్చునని మొదటివాని విశ్వాసము. అది పూర్తిగ చేజిక్కదని రెండవవాని సందేహము. అయినను మూలమును విడిచిన మాటకు ఇరువురి యొద్దను చోటు లేదు.

కావున ‘నాకిట్లు తోచినది’ అని విద్యార్థి పలికినపుడు అధ్యాపకుడు నవ్వి త్రోసివేయరాదు. ‘ఏ మాటలో తోచినది?’ అని అడుగవలెను. విద్యార్థి వ్రేలు పెట్టి చూపగలిగినచో, అది పెద్దల వ్యాఖ్యకు విరుద్ధమైనను విచారింపదగినదే. చూపలేనిచో అది అతని అనుభవముగ మిగులును గాని వ్యాఖ్యానము కానేరదు. పెద్దల వ్యాఖ్యను వల్లించు అధ్యాపకుడును అదే ప్రశ్నకు బదులు చెప్పవలసియుండును.