వేడెక్కాక ఎందుకు మొరాయిస్తుంది?

పొద్దున బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఇరవై కిలోమీటర్లు హాయిగా నడుస్తుంది. బంకులో ఆపి, పెట్రోల్ కొట్టించి, ఐదు నిమిషాల తర్వాత తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. అరగంట నీడలో ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లని కదిపితే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. వేడెక్కాక పెట్రోల్ వాసన, నల్ల పొగ అనేది మరొకటి. ఒకే స్పీడ్‌లో పోతుంటే జెర్కులు కొడుతోందనేది ఇంకొకటి.

ఈ మూడింటికీ కారణం వెతకడానికి ఒక నిజమైన బండిని ముందు పెట్టుకుందాం. పోర్షే 944. 1982 నుంచి 1991 దాకా 1.6 లక్షలకు పైగా తయారైంది. వాటిలో చాలా భాగం జర్మనీలోని నెకార్‌సుల్మ్‌లో, ఆడి ఫ్యాక్టరీలో పుట్టినవే. ముందు వైపు నాలుగు సిలిండర్ల ఇంజన్ (మొదట్లో 2.5 లీటర్లది), గేర్‌బాక్స్ వెనక చక్రాల దగ్గర. పోర్షేల్లో ఇది చవకగా దొరికే పాత బండి కాబట్టి టెక్సస్‌లోనో జర్మనీలోనో ఉంటున్న తెలుగువాళ్లెవరైనా కొని గ్యారేజీలో పెట్టుకున్నా ఆశ్చర్యం లేదు. అలా కొన్నవాళ్ల మొదటి చిక్కు ఏమిటంటే, మొదటి ఏళ్ల బండ్లకు ఇప్పటి కార్లలాగా స్కానర్ తగిలించి ఫాల్ట్ కోడ్ చదివే వీలు లేదు. కారు తన జబ్బు పేరు చెప్పదు. ఎప్పుడు నొప్పి వస్తుందో మాత్రం చూపిస్తుంది. ఆ 'ఎప్పుడు' దగ్గరే పరీక్ష మొదలుపెట్టాలి.

అసలు పెట్రోల్ ఎంత పోయాలో ఎవరు నిర్ణయిస్తారు? బాష్ కంపెనీ మోట్రానిక్ అనే పెట్టె. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులో మొదటిసారి వచ్చింది. పెట్రోల్‌నీ, స్పార్క్‌నీ ఒకే కంప్యూటర్ నడపడం అందులోని కొత్తదనం. ఇంజెక్టర్ ఒక కుళాయి లాంటిది. ప్రెషర్ మారకుండా ఉంటే ఎంతసేపు తెరిస్తే అంత పెట్రోల్ పడుతుంది. ఐడిలింగ్‌లో ఆ సమయం రెండు మూడు మిల్లీసెకన్లు. కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. కాబట్టి లోపలికి ఎంత గాలి వస్తోంది, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి అన్న మూడు సంగతులు తెలిస్తే ఆ పెట్టె లెక్క దాదాపు పూర్తవుతుంది.

అయితే ఆ పెట్టెకు ఇంజన్ కనపడదు. దానికి చేరేవి కొన్ని వోల్టులు, కొన్ని ఓమ్‌లు, అంతే. సెన్సర్ తప్పు చెబితే ఆ తప్పుకు సరిగ్గా సరిపోయేంత పెట్రోల్ పోస్తుంది. నల్ల పొగ చూసి "కంప్యూటర్ పోయింది" అనేస్తుంటారు. చాలాసార్లు కంప్యూటర్ తన లెక్క తాను సరిగ్గానే చేసింది, అందిన కబురే తప్పు.

ఇక మొదటి ఫిర్యాదు. వేడి మీద స్టార్ట్ కాని బండిలో ముందు చూడాల్సింది బానెట్ కింద కాదు, డాష్‌బోర్డు మీద. సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లును గమనించండి. ఆగి ఉన్న చోటినుంచి కొంచెం లేచి వణికితే, ఇంజన్ తిరుగుతోందన్న కబురు పెట్టెకు చేరుతోంది, పెట్టె కూడా బతికే ఉంది. ముల్లు కదలకుండా పడుకుంటే ఆ కబురన్నా అందడం లేదు, పెట్టెకు కరెంటన్నా అందడం లేదు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష సగం అనుమానాలను తీసేస్తుంది.

ఆ కబురు ఎక్కడినుంచి వస్తుంది? ఫ్లైవీల్ పక్కన, ఇంజన్ వెనక, చెయ్యి సరిగ్గా దూరని చోట రెండు సెన్సర్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి స్టార్టర్ పళ్లను లెక్కపెడుతుంది, అవి 132. రెండోది చుట్టుకు ఒక్కసారి, ఫ్లైవీల్ మీద ఉన్న ఒక చిన్న పిన్ను ఎదురుగా వచ్చినప్పుడు, 'ఇదిగో గుర్తు' అంటుంది. సెన్సర్ ముఖానికీ ఫ్లైవీల్‌కీ మధ్య ఎడం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. లోపల ఉండేది సన్నటి రాగితీగ చుట్ట. ఏళ్ల తరబడి ఎగ్జాస్ట్ వేడికి దాని వైరు పైతొడుగు ఎండి పెళుసుబారుతుంది, పగుళ్లిస్తుంది. చల్లగా ఉన్నంతసేపు లోపలి తీగలు అతుక్కుని ఉంటాయి. వేడికి సాగి ఎడమైతే కబురు తెగుతుంది. అరగంట తర్వాత బండి స్టార్ట్ కావడంలో మాయ ఏమీ లేదు, తీగ చల్లారి మళ్లీ తగులుకుంది.

అంతలోనే సెన్సర్ కొనేయకండి. ఇదే లక్షణాలు చూపించేది ఇంకొకటి ఉంది. ఫ్యూజ్ బోర్డులో ఉండే డీఎంఈ రిలే, అంటే ఆ కంప్యూటర్ పెట్టె రిలే. అగ్గిపెట్టెంత డబ్బాలో రెండు రిలేలు: ఒకటి కంప్యూటర్‌కు, ఇంకొకటి పెట్రోల్ పంపుకు కరెంట్ ఇస్తుంది. దాని మూత ఊడదీసి, సర్క్యూట్ బోర్డు తిరగేసి, కాళ్ల దగ్గర సోల్డరింగ్‌ను భూతద్దంతో చూడండి. బాగున్న చోట అది గుండ్రంగా, నిగనిగలాడే చిన్న గుట్టలా ఉంటుంది. చెడిన చోట కాలి చుట్టూ వెంట్రుకంత సన్నని నల్ల ఉంగరం కనపడుతుంది. ఎండలో ఆగిన కారు లోపల వేడికి ఆ ఉంగరం విడిపోతుంది. బాగున్న రిలే ఒకటి డాష్‌బోర్డులో పెట్టుకోవడం 944 నడిపేవాళ్లలో బాగా ఉన్న అలవాటు. నడిరోడ్డు మీద దాన్ని మార్చి చూస్తే చాలు, రిలేనా కాదా అన్నది తేలిపోతుంది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. సెల్ఫ్ కొడుతుంటే వెనక పంపు చప్పుడు రాదు. "పంపు పోయింది" అని కొత్తది వేయిస్తారు. మళ్లీ అదే కథ. ఎందుకంటే ఇంజన్ తిరుగుతోందని తెలిస్తేనే కంప్యూటర్ పంపు రిలేను లాగుతుంది. యాక్సిడెంట్ అయి ఇంజన్ ఆగిపోతే పంపు పెట్రోల్ చిమ్ముతూ ఉండకూడదని చేసిన ఏర్పాటు అది. అంటే ఫ్లైవీల్ దగ్గరి సెన్సర్ మూగబోతే, కారుకు ఆ కొసన ఉన్న పంపు కూడా మౌనంగా కూర్చుంటుంది. రిలే తీసి, దాని సాకెట్లో 30, 87బి కాళ్లను ఫ్యూజ్ ఉన్న వైరుతో కలిపితే పంపు నేరుగా తిరుగుతుంది. తిరిగితే పంపు మంచిదే. దోషం దాన్ని తిప్పమని చెప్పాల్సిన చోట ఉంది.

రెండో ఫిర్యాదు, వేడెక్కాక నల్ల పొగ. దీని కథ ఓమ్‌లలో ఉంది. నీళ్ల వేడి చెప్పే సెన్సర్ వేడెక్కేకొద్దీ తక్కువ రెసిస్టెన్స్ చూపుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 320. ఇప్పుడు దాని కప్లర్ మీది రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూడండి. పిన్నుల మీద పచ్చని పొడి పేరుకుని ఉందా? అది ఓ 700 ఓమ్‌లు అడ్డం పడిందనుకుందాం. ఇంజన్ నిజంగా 80 డిగ్రీల్లో ఉన్నా కంప్యూటర్‌కు చేరేది వెయ్యికి పైన. ఆ అంకెకు దాని లెక్కలో అర్థం 45 డిగ్రీల లోపు. ఇంకా చలిగా ఉంది పాపం అని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఇదే 700 ఓమ్‌లు చల్లటి ఇంజన్‌లో 2,500కు కలిస్తే తేడా పెద్దగా తెలియదు, అందుకే పొద్దున బండి బాగానే ఉంటుంది. డాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు సరిగ్గానే చూపిస్తోందిగా అంటారేమో. దానికి వేరే సెన్సర్. ఒకటి నిజం చెబుతున్నంత మాత్రాన రెండోది కూడా చెబుతున్నట్టు కాదు.

అందుకని మీటర్ పెట్టాల్సింది సెన్సర్ కాళ్ల దగ్గర ఒక్కటే కాదు, ఇగ్నిషన్ ఆపి, కంప్యూటర్ కప్లర్ ఊడదీసి, ఆ కొస దగ్గర కూడా కొలవాలి. సెన్సర్ దగ్గర 320, కంప్యూటర్ కొస దగ్గర 1,000 వస్తే మధ్యలో వైరు, కప్లర్, ఎర్త్ ఈ మూడింటిలో దొంగ ఉన్నాడు. సెన్సర్ ఎన్ని మార్చినా ఆ దొంగ దొరకడు.

నల్ల పొగకు ఇంకో కారణం పెట్రోల్ ప్రెషర్ రెగ్యులేటర్. దాని తల మీది సన్న హోస్ లాగి వాసన చూడండి. అందులో ఉండాల్సింది గాలి మాత్రమే. పెట్రోల్ తడి కనిపిస్తే లోపలి పొర చిరిగింది, పెట్రోల్ నేరుగా ఇంజన్‌లోకి కారుతోంది. ఆ ముక్క మార్చడం తప్ప వేరే దారి లేదు.

మూడోది, ఒకే స్పీడ్‌లో జెర్కులు. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఉంది, గాలి కొలిచే డబ్బా. ఎయిర్ ఫిల్టర్ తర్వాత దారిలో స్ప్రింగు బిగించిన ఒక రెక్క తలుపులా ఉంటుంది. గాలి ఎంత తోస్తే అంత తెరుచుకుంటుంది. ఆ రెక్క ఇరుసు పైకి వచ్చి నల్ల ప్లాస్టిక్ మూత కింద ఒక సన్నటి లోహపు వేలిని తిప్పుతుంది. వేలు నల్లటి కార్బన్ పట్టీ మీద జారుతూ వోల్టేజ్ మారుస్తుంది. మూతను బ్లేడుతో నెమ్మదిగా లేపి చూస్తే పట్టీ మీద ఆ కారు జీవితమంతా గీసి ఉంటుంది. ఐడిలింగ్ దగ్గర ఒక గీత, హైవే స్పీడ్ దగ్గర ఇంకొక లోతైన గీత. వేలు ఎన్నో గంటలు ఒకేచోట వణికి, కార్బన్ అరిగి, కింద తెల్లటి పింగాణీ బయటపడుతుంది. అక్కడికి రాగానే వోల్టేజ్ ఒక్క క్షణం మాయమవుతుంది, బండి జెర్కు కొడుతుంది. యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కితే వేలు ఆ గుంట దాటిపోతుంది, మళ్లీ అంతా సుఖం. దీన్ని పట్టుకోవడానికి డిజిటల్ మీటర్ కన్నా ముల్లున్న పాత మీటరే మేలు. రెక్కను వేలితో మెల్లగా తోస్తుంటే ముల్లు కూడా మెల్లగా జరగాలి. ఎక్కడైనా ఠక్కున పడి లేచిందంటే రోగం అక్కడే.

ఈ డబ్బా దాటాక ఇంజన్‌లోకి దొంగచాటుగా చొరబడే గాలిని ఎవరూ కొలవరు. రబ్బరు మోచేతి గొట్టంలో పగులున్నా, ఆయిల్ పోసే మూత రబ్బరు ఎండిపోయినా పెట్రోల్ తక్కువపడి ఐడిలింగ్ ఊగుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడండి. శబ్దంలో ఏ మార్పూ లేకపోతే ఇంకెక్కడో ఇప్పటికే పెద్ద కన్నం ఉంది.

కేటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండ్లలో ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ కూడా ఉంటుంది. వేడెక్కాక దాని వోల్టేజ్ 0.1కీ 0.9కీ మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉండాలి. ఎప్పుడూ 0.1 దగ్గరే ఉంటే పెట్రోల్ తక్కువని తేల్చేయకండి. ఒక ప్లగ్గు మిస్ కొట్టినా మండని గాలి అలాగే బయటికొచ్చి సెన్సర్‌కు అదే సంగతి చెబుతుంది. ముందు ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత చూసుకుని తర్వాతే పెట్రోల్ వైపు వెళ్లాలి.

ఒక జాగ్రత్త మొదటే చెప్పాల్సింది. మీటర్ చేతిలోకి తీసుకునే ముందు ఇంజన్ మీది పెట్రోల్ హోసులను చూడండి. పాత 944లలో అవి ఎండి చెమర్చడం మామూలే, కింద వేడి ఇంజన్ ఉంది. వంచితే పగుళ్లు కనపడ్డా, వేలికి తడి తగిలినా, ఆ హోసు మార్చేదాకా సెల్ఫ్ కొట్టొద్దు. పెట్రోల్ ప్రెషర్ చూడటానికి గేజ్ బిగించేటప్పుడు గుడ్డ చుట్టి నట్టు వదులు చెయ్యండి, లోపల పెట్రోల్ ప్రెషర్ నిలిచి ఉంటుంది. పంపు నడుస్తుండగా, ఇంజన్ ఆపి ఉంటే గేజ్ సుమారు 2.5 బార్ చూపాలి. మీ మోడల్ మాన్యువల్‌తో ఆ అంకెను సరిచూసుకోండి. పంపు ఆపాక ముల్లు వెంటనే సున్నాకు జారిపోతే వేడి మీద ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడానికి అదీ ఒక కారణం.

ఫ్లైవీల్ సెన్సర్లను నిజంగానే మార్చాల్సి వస్తే, తీసేముందు ఒకదాని కప్లర్‌కు ఎర్ర దారం కట్టండి. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. తారుమారైతే కొత్త సెన్సర్లతో కూడా బండి స్టార్ట్ కాదు. పని అయ్యాక ఇంటి చుట్టూ ఓ రౌండ్ కొట్టి బాగుందనుకోకండి. అదే బంకుదాకా నడిపి, అక్కడే ఆపి, ఐదు నిమిషాలు ఆగి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు వైపు చూడండి.