‘అమ్మ’లో అక్షరాలెన్ని?

పదకొండో తరగతిలో పైథాన్ మొదలుపెట్టాక మనం ఎక్కువగా అనే మాట: “ప్రోగ్రామ్ పనిచేయడం లేదు.” ఈ మాట విని ఎవరూ సాయం చేయలేరు. ఏం రాశాం, ఏం వస్తుందనుకున్నాం, ఏం వచ్చింది? ఈ మూడూ చెప్పాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ‘అమ్మ’ అనే మాట పొడవెంతో లెన్ ఫంక్షన్‌ని అడిగితే పైథాన్ 4 అంటుంది. మనకేమో రెండే అక్షరాలు! “లెన్ పాడైంది” అంటే గురుగ్రామ్‌లో మన పక్క బెంచీ హిందీ మిత్రుడికి ఏమీ తోచదు. “2 రావాలి, 4 వచ్చింది” అంటే మాత్రం, “ఆ మాటని లిస్ట్‌గా మార్చి చూడు” అనగలడు. మార్చితే గుట్టు బయటపడుతుంది: అ, మ, పొల్లు, మ. తెలుగు తరగతిలో ద్విత్వాక్షరమని మనం ఒకటిగా లెక్కపెట్టే ‘మ్మ’ యూనికోడ్‌లో మూడు సంకేతాలు. పైథాన్ లెక్కించేది ఆ సంకేతాలనే. మన మిత్రుడు దేవనాగరిలో ‘మమ్మీ’ అని టైపు చేసినా 5 వస్తుంది. అతనికీ అదే తంటా!

ఎర్రర్ వస్తే చివరి వరుస ముందు చదవాలి. ఏ రకం తప్పో అక్కడే ఉంటుంది, ఏ వరుసలోనో దానికి పైన ఉంటుంది. సాయం అడిగేటప్పుడు ఆ సందేశాన్ని మొత్తం చూపించాలి. సగం ఫోటో తీసి పంపితే లాభం లేదు.

పైథాన్ 3లో వేరియబుల్‌కి ‘మార్కులు’ అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు. సరదాగానే ఉంటుంది. కానీ తెలుగు రాని మిత్రుడికి చూపించేముందు ఆ పేర్లు మార్చుకోవడం మేలు.