బైక్ ఇంజిన్‌కి ‘బోర్ కిట్’.. పవర్ ఎంత పెరుగుతుంది, జేబుకి ఎంత చిల్లు పడుతుంది?

డిగ్రీ చదివే అబ్బాయి, ఇంట్లో ఒక పాత 100 సీసీ బండి. ఈ రెండూ ఉన్న చోట ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. “అబ్బా, మన బండి లాగడం లేదు. బోర్ కిట్ వేయిస్తే 125 బండి లాగా పోతుందంట. ఉస్తాద్ చేసిస్తానన్నాడు.” అబ్బా ఒప్పుకోకపోతే ఫైలు అమ్మీ దగ్గరికి వెళ్తుంది.

ఇంజిన్ సంగతి తెలియక చాలామంది తల్లిదండ్రులు డబ్బులైనా ఇచ్చేస్తారు, లేదంటే కోప్పడి ఊరుకుంటారు. కోప్పడితే అబ్బాయి ఆగడు. ఫ్రెండ్స్ దగ్గర అప్పు తెచ్చి చేయిస్తాడు. అందుకే ఈ ‘పవర్ పెంచడం’ అంటే ఏంటో, చట్టం ఏమంటుందో, ఖర్చు ఎక్కడ పడుతుందో ఇంట్లో అందరూ తెలుసుకోవడం మంచిది.

పవర్ ఎక్కడ పుడుతుంది?

ఇంజిన్‌లో పెట్రోల్ ఒక్కటే మండదు. గాలితో కలిసి మండుతుంది. బరువు లెక్కన ఒక గ్రాము పెట్రోల్‌కి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. అంటే ఇంజిన్ ఎంత గాలి పీల్చగలిగితే అంత పెట్రోల్ మండించగలదు, అంత పవర్ ఇస్తుంది. పవర్ పెంచే పద్ధతులన్నీ ఈ గాలి పెంచడం కోసమే. సిలిండర్ పెద్దది చేయడం ఒకటి, గాలి వచ్చే పోయే దారులు వెడల్పు చేయడం రెండోది, ఇంజిన్‌ని ఇంకా ఎక్కువ స్పీడులో తిరిగేలా చేయడం మూడోది.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే హీరో స్ప్లెండర్‌నే తీసుకుందాం. దాని సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. లెక్క కడితే 97.2 సీసీ వస్తుంది. పవర్ సుమారు 8 హార్స్‌పవర్.

బోర్ కిట్ అసలు లెక్క

బోర్ కిట్ అంటే పెద్ద పిస్టన్, దానికి సరిపోయే సిలిండర్. వ్యాసం 50 నుంచి 54 మిల్లీమీటర్లకి పెంచారనుకుందాం. అప్పుడు ఇంజిన్ 113 సీసీ అవుతుంది. 16 సీసీ పెరిగింది. అన్నీ సరిగ్గా కుదిరితే పవర్ కూడా అదే వంతున, అంటే 8 నుంచి 9.3 దాకా రావచ్చు. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు.

మరి స్పీడు? ఇక్కడే పిల్లలు పొరబడతారు. స్పీడు పెరిగేకొద్దీ ఎదురుగాలి చాలా ఎక్కువగా అడ్డుకుంటుంది. 80లో వెళ్లే బండి 100లో వెళ్లాలంటే గాలిని తోసుకుని పోవడానికి దాదాపు రెట్టింపు పవర్ కావాలి. పవర్ 16 శాతం పెరిగితే టాప్ స్పీడు పెరిగేది సుమారు 5 శాతమే. అంటే 90లో పోయే బండి 94, 95 దాకా వెళ్తుంది. వేలకు వేలు పెట్టి కొనుక్కునేది ఆ నాలుగైదు కిలోమీటర్లు.

ఇంకో సమస్య కంప్రెషన్. స్ప్లెండర్ కంప్రెషన్ సుమారు 10:1. హెడ్ మార్చకుండా పైన చదునుగా ఉండే పెద్ద పిస్టన్ వేస్తే, అదే చిన్న ఖాళీలోకి ఎక్కువ గాలి నొక్కుకుపోయి కంప్రెషన్ 11.5:1 దాకా పోతుంది. అప్పుడు పెట్రోల్ టైముకి ముందే అంటుకుని ఇంజిన్‌లో టకటక శబ్దం వస్తుంది. అది అలాగే సాగితే పిస్టన్ పైభాగం దెబ్బతింటుంది. క్రాంక్, బేరింగులు, క్లచ్ ప్లేట్లు మాత్రం ఆ పాత 8 హార్స్‌పవర్‌కి తయారైనవే. సిలిండర్ చల్లబడేది కూడా బయటి గాలితోనే. మే నెలలో హైదరాబాద్ ట్రాఫిక్‌లోనో, విజయవాడ ఎండలోనో ఆ వేడి ఎక్కడికి పోతుంది?

సైలెన్సర్ మారిస్తే పెరిగేది చప్పుడే

బోర్ కిట్‌కి డబ్బుల్లేని వాళ్లు సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు. గాలి దారి తెరుచుకుంటుంది గానీ దానికి తగ్గ పెట్రోల్ రాదు. పాత బండి అయితే కార్బురేటర్ జెట్ మార్చాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో పెట్రోల్ ఎంత పోవాలో చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. దాని ప్రోగ్రామ్ మార్చకుండా ఫిల్టర్ తీసేస్తే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అవుతుంది. ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతుంది. బండి పిక్ అందుకునే బదులు ఆగి ఆగి లాగుతుంది. పైగా కంపెనీ సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. సైలెన్సర్ మారిస్తే అది కూడా పోయినట్టే.

ముందు స్ప్రాకెట్ చిన్నది వేస్తే ‘పవర్ వచ్చింది’ అని సంబరపడేవాళ్లూ ఉన్నారు. దాని వల్ల పవర్ రవ్వంత కూడా పెరగదు. మొదట్లో లాగుడు పెరిగి, ఆ మేరకు టాప్ స్పీడు తగ్గుతుంది.

బ్రేకులు మాత్రం పాతవే

ఇంజిన్ గురించి అడిగే పిల్లలు బ్రేకుల గురించి అడగరు. స్పీడు పెరిగితే బండి ఆగే దూరం అదే వంతున పెరగదు, అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. 60లో బ్రేక్ వేస్తే 20 మీటర్లలో ఆగే బండి, 80లో వేస్తే 35 మీటర్లు దాటి ఆగుతుంది. 100 సీసీ బండి డ్రమ్ బ్రేకులు, సన్న టైర్లు, ఫ్రేమ్ అన్నీ కంపెనీ లెక్క వేసిన స్పీడుకే. ఇంజిన్ ఒక్కటీ మార్చి మిగతావి వదిలేస్తే ప్రమాదాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టే.

జరిమానా ఎవరి పేరు మీద?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన లెక్కలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. ఆర్సీలో సీసీ ఎంతో రాసి ఉంటుంది. 97 అని రాసి ఉన్న బండిలో 113 సీసీ ఇంజిన్ ఉంటే అది తేడాయే.

182ఏ సెక్షన్ ప్రకారం ఇలా మార్చిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇక్కడ ‘ఓనర్’ అనే మాట గమనించండి. బండి తొక్కేది కొడుకైనా ఆర్సీ చాలా ఇళ్లలో అబ్బా పేరు మీదే ఉంటుంది. శబ్దం, పొగ పరిమితి దాటిన బండి నడిపితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10 వేల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు పడే వీలుంది. 3 నెలలు లైసెన్స్ కూడా పోతుంది.

అబ్బాయికి 18 నిండకపోతే సంగతి ఇంకా కష్టం. 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకి లేదా ఓనర్‌కి 25 వేల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు ఉంటుంది. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ఇంటి బడ్జెట్‌లో లెక్క

కిట్ ధర ఒక్కటే ఖర్చు కాదు. ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు రోజుకి 80 కిలోమీటర్ల చొప్పున నెలకి 26 రోజులు తిరుగుతాడనుకుందాం. మొత్తం 2,080 కిలోమీటర్లు. మైలేజీ 60 నుంచి 50కి పడిపోతే నెలకి దాదాపు 7 లీటర్లు ఎక్కువ తాగుతుంది. లీటరు 107 రూపాయల లెక్కన నెలకి 740, ఏడాదికి దాదాపు 8,900 రూపాయలు. అది చిన్నపిల్లల స్కూలు ఫీజులో ఒక వాయిదా.

దీనికి తోడు వారంటీ పోతుంది. ఇంజిన్ మార్చిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే, ప్రమాదం జరిగినప్పుడు బండి రిపేరు క్లెయిమ్‌ని తిరస్కరించే అవకాశం ఉంది. అమ్మేటప్పుడు ధర కూడా పడిపోతుంది. ఆ బండి మీదే ఇల్లు నడుస్తుంటే, అది షెడ్డులో ఉన్న ప్రతి రోజూ సంపాదన లేని రోజే.

మరి బండి లాగకపోతే ఏం చేయాలి?

చాలాసార్లు బండికి కొత్త పవర్ అక్కర్లేదు. పోయిన పవర్ తిరిగి తెస్తే చాలు.

ముందు టైర్లలో గాలి, చైన్ బిగువు, బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చూడండి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ మార్చండి. ట్యాపెట్ల గ్యాప్ సెట్ చేయించండి. రేజ్ ఇస్తే ఇంజిన్ అరుస్తూ బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేట్లు అరిగినట్టు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఆయిల్ లోపలికి పోతోందని అర్థం. అప్పుడు మెకానిక్‌తో కంప్రెషన్ చెక్ చేయించాలి.

సిలిండర్ అరిగిపోతే లేత్ షాపులో బోరింగ్ చేయించి కొంచెం పెద్ద పిస్టన్ వేస్తారు. చాలా బళ్లకి 0.25 నుంచి 1 మిల్లీమీటరు దాకా పెద్దవైన పిస్టన్లు ఇందుకోసమే దొరుకుతాయి. ఇది రిపేరు. 4 మిల్లీమీటర్లు పెంచే బోర్ కిట్, ఇది ఒకటి కాదు. ఉస్తాద్‌తో మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

నిజంగానే ఎక్కువ పవర్ కావాలంటే పాత బండి అమ్మి, కిట్ డబ్బు కలిపి, సెకండ్ హ్యాండ్‌లో 125 లేదా 150 సీసీ బండి తీసుకోవడం మేలు. దానికి తగ్గ బ్రేకులు కూడా కంపెనీవే వస్తాయి. కొనేటప్పుడు ఇంజిన్ నంబర్ ఆర్సీతో సరిపోల్చండి, సైలెన్సర్ కంపెనీదేనా చూడండి, పాత ఓనర్ బోర్ కిట్ వేయించాడా అని నేరుగా అడగండి. రేసింగ్ మీద నిజమైన ఇష్టం ఉన్న పిల్లలకి చెన్నై దగ్గర, కోయంబత్తూరులో ట్రాకులు ఉన్నాయి. ట్యూన్ చేసిన బళ్లకి చోటు అక్కడే.

షబ్-ఎ-మేరాజ్, షబ్-ఎ-బరాత్ రాత్రుల్లో హైదరాబాద్ పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తారు. ఇబాదత్ చేసుకోవాల్సిన రాత్రి కొందరు కుర్రాళ్లు రేసులకి దిగుతారన్న భయమే దానికి కారణం. ఆ మాట మన ఇళ్లకి బాధ కలిగించేదే. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. దారిలో వెళ్లేవారికి ఇబ్బంది పెట్టకపోవడం దీన్ నేర్పిన మర్యాద. ఆ రాత్రి వచ్చాక తాళం దాచిపెట్టే కంటే, ముందే ఒక ఆదివారం అబ్బాయితో కలిసి మెకానిక్ షాపుకి వెళ్లండి. బండి ఎందుకు లాగడం లేదో అతని ముందే అడగండి. జవాబు వంద రూపాయల ప్లగ్గులోనో, అరిగిన క్లచ్ ప్లేటులోనో దొరికితే బోర్ కిట్ మాట అక్కడే ఆగిపోవచ్చు.