మ్యూజియం మూలన చాక్లెట్ల గుట్ట.. ఒకటి తీసుకుని తినొచ్చు కూడా! ఇంతకీ అది ఎవరి బొమ్మో తెలుసా?

ముఖం లేదు, గీత లేదు, రంగు పూసిన కాన్వాస్ అసలే లేదు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఈ కళాఖండాన్ని ప్రదర్శనకు పెడితే, గది మూలన మెరుపు కాగితాలు చుట్టిన చాక్లెట్ బిళ్లల గుట్ట మాత్రమే కనిపిస్తుంది. వచ్చినవాళ్లు ఒకటి తీసుకుని నోట్లో వేసుకోవచ్చు. ‘ఇదేం ఆర్ట్?’ అనిపిస్తుంది కదా.. తప్పేం లేదు, చాలామంది అలాగే అనుకుంటారు.

కానీ పేరు చదివితే అడుగు ఆగిపోతుంది. ‘అన్‌టైటిల్డ్’, పక్కనే ‘పోర్ట్రెయిట్ ఆఫ్ రాస్ ఇన్ ఎల్.ఏ.’ అంటే ఇదో మనిషి చిత్రం! క్యూబాలో పుట్టిన ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేశాడు. ఆయన ప్రేమించిన రాస్ లేకాక్ అదే ఏడాది ఎయిడ్స్‌తో చనిపోయాడు.

ఈ గుట్టకు అనుకున్న బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు. ఆరోగ్యంగా ఉన్న రాస్ బరువుకు అది గుర్తు అని చెబుతారు. జనం తీసుకునే కొద్దీ గుట్ట తగ్గుతుంది, జబ్బుతో మనిషి చిక్కిపోయినట్టు. చాక్లెట్ చప్పరిస్తున్న మనకు ఆ సంగతే గుర్తుండదు!

తరిగిపోయిన గుట్టను మ్యూజియం మళ్లీ నింపొచ్చు. అప్పుడు రాస్ మళ్లీ 79 కిలోలు. ఫెలిక్స్ కూడా 1996లో ఎయిడ్స్‌తోనే కన్నుమూశాడు. గుట్ట మాత్రం ఇప్పటికీ తరుగుతోంది, నిండుతోంది.