చెవికి కుదిరిన బడ్స్‌.. వినికిడికి రక్ష

వైర్‌లెస్‌ ఇయర్‌బడ్స్‌ కొనేటప్పుడు చాలామంది ధర ఎంత? బేస్‌ ఎలా ఉంది? బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది? అనే చూస్తుంటారు. వీటన్నింటికన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న మరోటుంది. ‘వీటితో తక్కువ శబ్దంలోనే పాట హాయిగా వినపడుతుందా?’ అన్నదే అది. చెవుల భద్రత చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఉదయం బస్సెక్కుతారు. బడ్స్‌ పెట్టుకొని పాట మొదలెడతారు. ఇంట్లో సగం శబ్దంతోనే చక్కగా వినిపించిన పాట ఇంజిన్‌ రొదలో సరిగా వినపడదు. కాస్త పెంచుతారు. సిగ్నల్‌ దగ్గర హారన్ల మోత. ఇంకాస్త పెంచుతారు. దిగి, ఆఫీసులోకి అడుగుపెట్టగానే ఉలిక్కిపడతారు. ‘ఇంతసేపూ ఇంత గట్టిగా విన్నానా?’ అని ఆశ్చర్యపోతూ తగ్గిస్తారు. బస్సులో ఉన్నంతసేపూ అది గట్టిగా ఉందని మీకు అనిపించనే లేదు. ఇబ్బంది ఇక్కడే ఉంది. బడ్స్‌ వాటంతటవే చేటు చేయవు. చుట్టూ ఉన్న రొదను దాటటానికి మనం పెంచే శబ్దమే చెవిని దెబ్బతీస్తుంది. కాబట్టి శబ్దాన్ని పెంచాల్సిన అవసరం రానీయని బడ్స్‌ను ఎంచుకోవటమే తెలివైన పని.

పోతే తిరిగిరావు

మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కాక్లియా అనే భాగముంటుంది. ఇందులో ఒక్కో చెవికి సుమారు 15 వేల సూక్ష్మమైన కేశ కణాలుంటాయి. శబ్ద తరంగాలకు ఇవి కదులుతూ ఆ కదలికలను విద్యుత్‌ సంకేతాలుగా మార్చి నాడి ద్వారా మెదడుకు చేరవేస్తాయి. గాలివానకు వరిచేను వంగిపోయి, వాన వెలిశాక మెల్లగా లేచి నిలబడుతుంది కదా. పెద్ద శబ్దానికి ఇవీ అలాగే అలసిపోతాయి. విశ్రాంతి దొరికితే కోలుకుంటాయి. జాతరలో డీజే పక్కన నిలబడి వచ్చిన రాత్రి చెవులు దిబ్బెడ వేసినట్టు ఉండటం, ‘కుయ్‌’మని మోగటం, తెల్లారేసరికి తగ్గటం ఇలాంటిదే. అయితే రోజూ ఇదే తంతు సాగితే కొన్ని కణాలు చనిపోతాయి. చర్మ కణాల్లా ఇవి మళ్లీ పుట్టవు. పోయినవి పోయినట్టే.

పెద్ద శబ్దాలతో వచ్చే వినికిడి లోపం మొదట 3 వేల నుంచి 6 వేల హెర్ట్జ్‌ మధ్య ఉండే పైస్థాయి ధ్వనులను దెబ్బతీస్తుంది. అందుకే దీన్ని తొలిదశలో పోల్చుకోవటం కష్టం. మాట వినపడుతూనే ఉంటుంది. కానీ ‘స’, ‘ష’, ‘ఫ’ వంటి ధ్వనులు జారిపోతాయి. పెళ్లి పందిట్లోనో, హోటల్‌లోనో నలుగురు మాట్లాడుతుంటే ఎదుటివారు ఏమన్నారో అర్థం కాదు. ‘ఏంటీ?’ అని పదే పదే అడుగుతుంటారు. నష్టం చాలాకాలంగా సాగుతోందన్న సంగతి అప్పటికి గానీ బయటపడదు.

శబ్దానికీ కోటా ఉంది

వినోదం కోసం పరికరాలతో వినే పెద్దవారికి 80 డెసిబెల్స్‌ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు సురక్షితమైన పరిమితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్‌ ఉంటుంది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే- శబ్దం కొద్దిగా పెరిగినా సమయం బాగా తగ్గిపోతుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కు చెవికి చేరే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అంటే వినగలిగే సమయం సగానికి పడిపోతుంది. 90 డెసిబెల్స్‌ అయితే వారానికి 4 గంటలే. 100 డెసిబెల్స్‌ అయితే 20 నిమిషాలే.

దీన్ని బస్సు ప్రయాణానికి అన్వయించి చూడండి. రానూపోనూ రోజుకు రెండు గంటలు, 90 డెసిబెల్స్‌తో పాటలు విన్నారనుకోండి. సోమవారం, మంగళవారంతోనే వారం కోటా అయిపోతుంది. అదే పాటలను 80 డెసిబెల్స్‌తో వింటే వారమంతా విన్నా ఇంకా బోలెడంత మిగులుతుంది. మంచి బడ్స్‌ చేసే మేలు ఈ 10 డెసిబెల్స్‌ తేడాలోనే ఉంది.

ఎక్కడ వింటారు?

బడ్స్‌ ప్రధానంగా మూడు రకాలు. ఏది మంచిదనేది మీరు ఎక్కువగా ఎక్కడ వింటారనే దాన్ని బట్టి ఉంటుంది.

* చెవి రంధ్రాన్ని మూసేవి: వీటికి కొసన మెత్తటి సిలికాన్‌ తొడుగులుంటాయి. చెవి రంధ్రాన్ని చక్కగా మూసి, బయటి రొదను లోనికి రాకుండా అడ్డుకుంటాయి. బస్సు, రైలు, మెట్రోలో వినేవారికి ఇవే మేలు. కాకపోతే వీటిని పెట్టుకొని నడిచినా, నమిలినా ఆ చప్పుడు తలలో మోగినట్టు అనిపించొచ్చు.

* చెవి గూటిలో కూర్చునేవి: వీటికి తొడుగులుండవు. బరువు, బిగింపు తెలియవు. అయితే బయటి చప్పుడంతా లోనికి వస్తుంది. నిశ్శబ్దంగా ఉండే ఇంట్లో, ఆఫీసులో వాడుకోవటానికి బాగుంటాయి. బస్సులో మాత్రం శబ్దం పెంచక తప్పదు.

* చెవిని మూయనివి: చెవికి క్లిప్పులా పట్టుకునేవి, చెవి మీద వేలాడేవి. ఉదయం నడకకు వెళ్లేవారికి ఇవి అనువైనవి. వెనక నుంచి వచ్చే బండి చప్పుడు వినపడుతుంది. రద్దీ రోడ్డు మీద పాట సరిగా వినపడటం లేదని వీటి శబ్దం పెంచితే అసలు ప్రయోజనమే పోతుంది.

తొడుగు కుదిరితే సగం పని అయినట్టే

రంధ్రాన్ని మూసే రకం కొంటే పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద సైజు తొడుగులు వస్తాయి. చాలామంది బిగించి ఉన్న మధ్య సైజు వాటితోనే కాలం గడిపేస్తారు. మిగతావి పెట్టెలోనే ఉండిపోతాయి. ఇది పెద్ద పొరపాటు. తొడుగు వదులుగా ఉంటే ముందుగా బేస్‌ జారిపోతుంది. పాట పలచగా, రేకు డబ్బాలో మోగినట్టు ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవటానికి శబ్దం పెంచేస్తారు.

చిన్న పరీక్ష చేసి చూడండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో తబలా, మృదంగం బాగా వినిపించే పాట పెట్టండి. బడ్‌ను వేలితో మెల్లగా లోనికి నొక్కండి. ఒక్కసారిగా బేస్‌ పెరిగిందంటే తొడుగు సరిపోలేదని అర్థం. పెద్దది వేసి చూడండి. తేడా లేకపోతే చక్కగా కుదిరినట్టే. రెండు చెవుల రంధ్రాలు ఒకేలా ఉండాలనేమీ లేదు. ఒక చెవికి చిన్నది, మరో చెవికి మధ్యది సరిపోవచ్చు. అలా వాడుకోవటంలో తప్పు లేదు. అరగంటకే చెవి నొప్పెడుతున్నా, బడ్‌ మాటిమాటికీ జారుతున్నా అది మీ చెవికి తగిన ఆకారం కాదు. తెరిచిన బడ్స్‌ను చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. కాబట్టి మార్చుకునే వీలుందో లేదో కొనే ముందే అడగండి.

ఒక్క అక్షరం తేడా

పెట్టె మీద ‘నాయిస్‌ క్యాన్సలేషన్‌’ అనే మాట కనిపించగానే సంబరపడిపోవద్దు. దాని ముందున్న అక్షరాలు చూడండి. ఏఎన్‌సీ (యాక్టివ్‌ నాయిస్‌ క్యాన్సలేషన్‌) మీ చెవికి పనికొచ్చేది. బడ్‌లోని మైకులు బయటి రొదను పసిగట్టి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టించి అణచివేస్తాయి. ఈఎన్‌సీ (ఎన్విరాన్‌మెంటల్‌ నాయిస్‌ క్యాన్సలేషన్‌) వేరు. ఇది ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మీ వెనకాల రొద అవతలివారికి వినపడకుండా చూస్తుంది. పాట వినేటప్పుడు మీకు దీంతో ఒరిగేదేమీ లేదు. తక్కువ ధర బడ్స్‌లో చాలావాటిపై పెద్ద అక్షరాలతో ఉండేది ఈఎన్‌సీనే.

ఏఎన్‌సీ బస్సు ఇంజిన్‌, రైలు, ఏసీ, ఫ్యాన్‌ వంటి ఆగకుండా సాగే మంద్ర ధ్వనులను బాగా తగ్గిస్తుంది. హారన్లు, పక్కవారి మాటలను అంతగా ఆపలేదు. వీటిని కొంతవరకు ఆపాల్సింది తొడుగే. తొడుగు కుదరకపోతే ఏఎన్‌సీ కూడా సరిగా పనిచేయదు. ఎన్ని డెసిబెల్స్‌ తగ్గిస్తుందని ప్రకటనల్లో చెప్పే అంకె అన్ని ధ్వనులకూ వర్తించేది కాదు. ఏఎన్‌సీ వేసినప్పుడు కొందరికి చెవిలో ఒత్తిడిగా అనిపించొచ్చు. అలాంటివారు దాని స్థాయిని తగ్గించుకునే వీలున్నవి తీసుకోవాలి.

బయటి శబ్దాలను లోనికి పంపే ‘ట్రాన్స్‌పరెన్సీ’ లేదా ‘యాంబియెంట్‌’ పద్ధతి ఉందేమో కూడా చూడండి. రోడ్డు మీద నడిచేటప్పుడు ఇది కావాలి. రోడ్డు, రైలు పట్టాలు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు మాత్రం బడ్స్‌ తీసెయ్యాల్సిందే.

మిగతావి ఎంతవరకు?

* డ్రైవర్‌ సైజు: 10 మి.మీ., 13 మి.మీ. అనే అంకెలను బట్టి నాణ్యతను తేల్చలేం. చిన్న డ్రైవర్‌తోనూ చక్కటి ధ్వని రావొచ్చు.

* కోడెక్‌: ఫోన్‌ నుంచి బడ్స్‌కు పాటను చేరవేసే పద్ధతి. ఐఫోన్‌ వాడేవారికి ఏఏసీ ఉంటే చాలు. ఎల్‌డీఏసీ వంటివి పనిచేయాలంటే ఫోన్‌, బడ్స్‌ రెండింటిలోనూ ఉండాలి. రోజువారీ ప్రయాణంలో పాటలు వినటానికి వీటి కోసం అదనంగా ఖర్చు పెట్టాల్సిన పనిలేదు.

* బ్యాటరీ: ప్రకటనల్లో చెప్పే 40, 50 గంటలు కేస్‌తో కలిపి లెక్కగట్టినవి. బడ్స్‌ ఒక్కసారికి ఎన్ని గంటలొస్తాయో, అదీ ఏఎన్‌సీ వేస్తే ఎంతో చూడండి.

* నీటి తట్టు: ఐపీఎక్స్‌4 ఉంటే చెమట, చిన్న చినుకులకు ఫర్వాలేదు. ఇది బడ్స్‌కే. కేస్‌కు కూడా వర్తిస్తుందని అనుకోవద్దు.

* బీఐఎస్‌ గుర్తు: చెవిలో పెట్టుకునే బ్యాటరీ పరికరం కాబట్టి పెట్టె మీద బీఐఎస్‌ నమోదు గుర్తు, ‘ఆర్‌’తో మొదలయ్యే సంఖ్య ఉండాలి. పేరున్న కంపెనీల నకళ్లు చవగ్గా వస్తున్నాయని మోసపోవద్దు.

కొన్న రోజే ఇవి చేయండి

ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో పాట హాయిగా వినిపించే స్థాయిని గుర్తుపెట్టుకోండి. బయటకు వెళ్లినా ఆ స్థాయిని దాటకూడదు. దాటాల్సి వస్తోందంటే తొడుగునో, ఏఎన్‌సీనో సరిచూసుకోవాలి. ‘60 శాతం శబ్దం, 60 నిమిషాలు’ అనే సూత్రం గుర్తుంచుకోవటానికి తేలికే. కానీ ఒక జత బడ్స్‌లో 60 శాతం మరో జతలో 60 శాతంతో సమానం కాదు. కాబట్టి ఫోన్‌ సాయమూ తీసుకోండి. ఐఫోన్‌ సెట్టింగ్స్‌లో పెద్ద శబ్దాలను తగ్గించే ఏర్పాటుంది. పరిమితిని డెసిబెల్స్‌లోనే పెట్టుకోవచ్చు. చాలా ఆండ్రాయిడ్‌ ఫోన్లలో మీడియా వాల్యూమ్‌ పరిమితి ఉంటుంది.

ఘంటసాల పాట సరిగా వినపడటం లేదని శబ్దం పెంచుతారు. వెంటనే కొత్త సినిమా పాట మొదలై చెవులదిరిపోతాయి. పాత రికార్డింగులు తక్కువ శబ్దంతో, కొత్తవి ఎక్కువ శబ్దంతో ఉండటమే దీనికి కారణం. కొన్ని పాటల యాప్‌లలో అన్నింటినీ ఒకే స్థాయికి తెచ్చే ‘నార్మలైజేషన్‌’ ఉంటుంది. దాన్ని ఆన్‌ చేసుకోండి.

గులిమి, తేమ.. జాగ్రత్త

చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. గులిమి దానంతటదే మెల్లగా బయటకు వస్తుంది. గంటల తరబడి బడ్స్‌ పెట్టుకుంటే దానికి దారి మూసుకుపోతుంది. లోపల చెమట, తేమ నిలిచిపోతాయి. వేడి, ఉక్కపోత ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో, ముఖ్యంగా కోస్తాలో, చెవిలో ఫంగస్‌ చేరటానికి ఇది చాలు. గంటకోసారి బడ్స్‌ తీసి చెవికి గాలి తగలనివ్వండి. తలస్నానం చేశాక, వ్యాయామం ముగిశాక చెవులు పూర్తిగా ఆరేదాకా పెట్టుకోవద్దు. వారానికోసారి తొడుగులు తీసి సబ్బునీటితో కడిగి, బాగా ఆరాక తొడగండి. జాలీని పొడి మెత్తటి బ్రష్‌తో తుడవండి. ఒకరి బడ్స్‌ మరొకరు వాడొద్దు. పెట్టుకొని నిద్రపోవద్దు. చెవి కారుతున్నా, కర్ణభేరికి రంధ్రం ఉన్నా డాక్టర్‌ను అడగకుండా అసలే వాడొద్దు.

పిల్లల చెవులు మరింత సున్నితం. వీరికి 75 డెసిబెల్స్‌నే పరిమితిగా పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శబ్దం ఒక స్థాయి దాటకుండా చూసే, చెవిపై పెట్టుకునే హెడ్‌ఫోన్లు వీరికి నయం. ఇంట్లో పెద్దవారు టీవీ శబ్దం బాగా పెంచుతున్నారని బడ్స్‌ కొనిచ్చి ఊరుకోవద్దు. వారికి ముందు వినికిడి పరీక్ష చేయించాలి.

బ్లూటూత్‌ తరంగాలతో మెదడుకు ముప్పేమోనని కొందరు భయపడుతుంటారు. చెవికి ఆనించుకొని మాట్లాడే మొబైల్‌ ఫోన్‌తో పోలిస్తే బ్లూటూత్‌ వెలువరించే శక్తి చాలా తక్కువ. మీరు భయపడాల్సింది, అదుపులో పెట్టుకోవాల్సింది శబ్దాన్నే.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

పాటలు ఆపాక కూడా చెవిలో హోరు ఒకట్రెండు రోజులకు తగ్గకపోతే, గుంపులో మాటలు అర్థం కాకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలిసి ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే గులిమి అడ్డుపడిందని సర్దిచెప్పుకోవద్దు. ఇది అత్యవసర సమస్య. వెంటనే, వీలైతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ.

ప్రముఖ గాయని అల్కా యాగ్నిక్‌ 2024లో తనకు నాడికి సంబంధించిన వినికిడి లోపం తలెత్తిందని వెల్లడించారు. వైరస్‌ దాడి దీనికి కారణమని డాక్టర్లు చెప్పినట్టు తెలిపారు. అప్పుడు కూడా పెద్ద శబ్దాలతో, హెడ్‌ఫోన్లతో జాగ్రత్తగా ఉండాలని అభిమానులకు, యువ గాయనీ గాయకులకు ఆమె గుర్తుచేశారు. పాటే ప్రాణమైన వారికి వినికిడి విలువ తెలుసు. బడ్స్‌ పాడైతే రెండు మూడేళ్లకు కొత్తవి కొనుక్కోవచ్చు. చెవులు మాత్రం ఈ జత ఒక్కటే. ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు ముందు వాటికి కుదిరేదేదో చూడండి. రంగు, ధర, బేస్‌ సంగతి ఆ తర్వాత.